ఉగ్రవాద వ్యతిరేక ఒడంబడికలో రిజర్వేషన్లతో చేరడం: ఫైలు తెరిచిన రోజు నుంచి అమలు తేదీ దాకా

ఫలానా దేశం ఉగ్రవాద వ్యతిరేక ఒడంబడికలో చేరిందన్న వార్త చివర తరచూ ఇంకో మాట ఉంటుంది: "కొన్ని రిజర్వేషన్లతో". ఒడంబడికలోని ఒక నిబంధనకు తాను కట్టుబడనని, లేదా దాన్ని తన వరకు కొంత మార్చుకుంటున్నానని ఆ దేశం చేరేటప్పుడే రాసిచ్చిందని దీని అర్థం. అలా రాసిచ్చే హక్కు ఎక్కడిది, ఏది రాస్తే చెల్లుతుంది, ఏది రాస్తే మిగతా దేశాలు తిప్పికొడతాయి, కాగితం ఎవరి చేతికి ఎలా చేరాలి అనేవి ఇక్కడ వరుసగా చూద్దాం. విదేశాంగ, న్యాయ శాఖల్లో ఇలాంటి ఫైలు నడిపేవారికి, అంతర్జాతీయ న్యాయం చదివేవారికి ఇది పనికొస్తుంది. మొదటి నుంచి చివరి దాకా 1999 నాటి ‘ఉగ్రవాదానికి నిధుల సరఫరా అణచివేత అంతర్జాతీయ ఒడంబడిక’నే ఉదాహరణగా తీసుకుంటాం. కింద దీన్ని నిధుల ఒడంబడిక అంటాం.

ముందే ఒక మాట. చాలా ఫైళ్లు రిజర్వేషన్‌తోనే మొదలవుతాయి. "మనకు ఇబ్బంది లేకుండా ఏం రాసుకుందాం" అన్నదే మొదటి సమావేశంలో తొలి ప్రశ్న అవుతుంది. అది తిరగేసిన పద్ధతి. ముందు దేశీయ చట్టాన్ని ఒడంబడిక పక్కన పెట్టి చూడాలి, ఆ తర్వాత ఒడంబడిక తానే తెరిచి ఉంచిన తలుపులేమిటో చూడాలి. ఇవి రెండూ అయ్యాక కూడా ఏమైనా మిగిలితేనే రిజర్వేషన్ సంగతి ఆలోచించాలి.

1. ఏ ఒడంబడిక, ఎవరి దగ్గర దాఖలు

ఉగ్రవాదం మొత్తానికి కలిపి ఒకే ఒడంబడిక లేదు. సమగ్ర ఒడంబడిక ముసాయిదాను భారత్ 1996లోనే ఐక్యరాజ్యసమితి ముందుంచినా, విముక్తి పోరాటాలను నిర్వచనంలోంచి తప్పించాలా వద్దా అన్న దగ్గరే అది ఆగిపోయింది. ఉన్నవన్నీ విమానాల హైజాకింగ్, బందీలను పట్టుకోవడం, బాంబు దాడులు, నిధులు, అణు పదార్థం అంటూ విడివిడి అంశాల మీద వచ్చినవే. విమానాల్లో జరిగే నేరాలపై 1963లో వచ్చిన టోక్యో ఒడంబడిక నుంచి లెక్కిస్తే ఒడంబడికలు, ప్రోటోకాల్‌లు, సవరణలు కలిపి 19 అని ఐక్యరాజ్యసమితి చెబుతుంది.

పత్రాలు స్వీకరించే డిపాజిటరీ అన్నిటికీ ఒకరే కాదు. బందీల ఒడంబడిక (1979), బాంబు దాడుల ఒడంబడిక (1997), నిధుల ఒడంబడిక (1999), అణు ఉగ్రవాద ఒడంబడిక (2005) పత్రాలు ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ దగ్గర దాఖలవుతాయి. సముద్రయాన భద్రత ఒడంబడికవి లండన్‌లోని అంతర్జాతీయ నౌకాయాన సంస్థకు, అణు పదార్థ రక్షణ ఒడంబడికవి వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు వెళ్తాయి. 1970 నాటి హేగ్, 1971 నాటి మాంట్రియల్ విమాన ఒడంబడికలకు మూడు ప్రభుత్వాలు డిపాజిటరీలు: అమెరికా, బ్రిటన్, రష్యా. తప్పు చోటికి పంపిన పత్రం దాఖలైనట్టు కాదు.

రిజర్వేషన్ల విషయంలోనూ ఒక్కోదానికి ఒక్కో నియమం. టోక్యో ఒడంబడిక 25వ అధికరణ వివాద పరిష్కారానికి సంబంధించిన ఒక్క రిజర్వేషన్ తప్ప ఇంకేదీ చెల్లదని సూటిగా చెబుతుంది. నిధుల ఒడంబడికలో అలాంటి నిషేధం లేదు. అలాగని ఏదైనా రాయొచ్చని కాదు. ఒప్పందాల న్యాయంపై 1969 నాటి వియన్నా ఒడంబడిక 19వ అధికరణ ప్రకారం మూడు సందర్భాల్లో రిజర్వేషన్ కుదరదు: ఒడంబడిక దాన్ని నిషేధించినప్పుడు, ఫలానావి మాత్రమే అనుమతించగా ఇది వాటిలో లేనప్పుడు, అది ఒడంబడిక ఉద్దేశానికీ లక్ష్యానికీ విరుద్ధమైనప్పుడు. ఈ మూడో కొలబద్ద 1951లో అంతర్జాతీయ న్యాయస్థానం జాతి నిర్మూలన ఒడంబడికపై ఇచ్చిన సలహా అభిప్రాయం నుంచి వచ్చింది. గొడవలన్నీ దీని చుట్టూనే జరుగుతాయి.

2. సంతకమా, నేరుగా చేరికా

నిధుల ఒడంబడికపై సంతకాల గడువు 2000 జనవరి 10న మొదలై 2001 డిసెంబరు 31తో ముగిసింది. ఆ లోపు సంతకం చేసిన దేశం తర్వాత ధ్రువీకరణ పత్రం దాఖలు చేస్తుంది. చేయని దేశానికి ఇప్పుడు ఉన్నది నేరుగా చేరిక ఒక్కటే. బాధ్యతల్లో రెండిటికీ తేడా లేదు. దశల సంఖ్యే మారుతుంది.

సంతకం చేసి, ధ్రువీకరించకుండా ఆగిన దేశాలు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ధ్రువీకరించే దాకా కూడా ఒడంబడిక ఉద్దేశాన్ని దెబ్బతీసే పని చేయకూడదన్న వియన్నా ఒడంబడిక 18వ అధికరణ వాటికి వర్తిస్తుంది. రెండు, సంతకం నాడు చెప్పిన రిజర్వేషన్ ధ్రువీకరణ నాటికి దానంతటదే కొనసాగదు. అదే వియన్నా ఒడంబడిక 23వ అధికరణ ప్రకారం దాన్ని మళ్లీ లిఖితపూర్వకంగా ఖాయపరచాలి. ప్రభుత్వం మారి, పాత ఫైలు ఎవరూ తిరగేయక ఇది జారిపోయే ప్రమాదం ఉంది. మరిచిపోతే రిజర్వేషన్ లేకుండా చేరినట్టే.

3. చట్టం పక్కన ఒడంబడిక: తేడాల పట్టిక

అసలు శ్రమంతా ఇక్కడే. నాలుగు నిలువు వరుసలతో ఒక పట్టిక వేసుకోండి: అధికరణ, అది అడిగేది, ప్రస్తుత చట్టంలో ఉన్నది, చేయాల్సింది. హోం, న్యాయ, ఆర్థిక శాఖలు, కేంద్ర బ్యాంకు, ప్రాసిక్యూషన్ విభాగం తలో వరుస నింపాలి. విదేశాంగ శాఖ ఒక్కతే కూర్చుని నింపితే పట్టిక అందంగా ఉంటుంది గానీ, తర్వాత కోర్టులో నిలబడదు.

2వ అధికరణలో నేర నిర్వచనం ఉంది. ఉగ్రవాద చర్యకు వాడాలన్న ఉద్దేశంతో, లేదా అలా వాడతారని తెలిసీ, నిధులు ఇవ్వడమో సేకరించడమో నేరం. డబ్బు నిజంగా దాడికి ఖర్చయిందని రుజువు చేయనక్కర్లేదని అందులోని 3వ పేరా చెబుతుంది. చాలా దేశాల శిక్షాస్మృతుల్లో నిధులివ్వడం ‘సహకారం’ కిందికి వస్తుంది. అసలు దాడి జరగకపోతే సహకారమూ నేరం కాదు. అలాంటి చోట విడిగా ఒక కొత్త నేరాన్ని చట్టంలో చేర్చాల్సిందే, రిజర్వేషన్‌తో ఈ లోటు పూడదు.

‘నిధులు’ అన్న మాటకు 1వ అధికరణ చాలా విశాలమైన అర్థం ఇస్తుంది. డబ్బుతో పాటు చర, స్థిరాస్తులు, వాటి హక్కు పత్రాలు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నవి కూడా అందులోకి వస్తాయి. అయినా హద్దు ఉంది. ఉక్రెయిన్, రష్యా కేసులో 2024 జనవరి 31న ఇచ్చిన తీర్పులో అంతర్జాతీయ న్యాయస్థానం, ద్రవ్య విలువ కోసం ఇచ్చిన వనరులే నిధులని, ఆయుధాలు సమకూర్చడం, శిక్షణ శిబిరాలు నడపడం ఈ ఒడంబడిక కిందికి రావని తేల్చింది. దేశీయ చట్టం అంతకన్నా విశాలంగా ఉండొచ్చు, ఇరుకుగా మాత్రం ఉండకూడదు.

మిగతా అధికరణల్లో తరచూ తేడా కొట్టేవి ఇవి. 5వది కంపెనీల వంటి చట్టబద్ధ సంస్థల బాధ్యత అడుగుతుంది. శిక్ష క్రిమినల్ కావచ్చు, సివిల్ లేదా పరిపాలనాపరమైనదీ కావచ్చు. కాబట్టి సంస్థలకు క్రిమినల్ బాధ్యత ఒప్పుకోని న్యాయ వ్యవస్థలు దీనికి భయపడి రిజర్వేషన్ పెట్టనక్కర్లేదు. 8వది నిధుల గుర్తింపు, స్తంభన, జప్తు గురించి. 9వది, సమాచారం అందగానే విచారణ జరపాలన్నది, చూడటానికి మామూలుగా ఉంటుంది. పైన చెప్పిన తీర్పులో రష్యా ఉల్లంఘించిందని న్యాయస్థానం తేల్చింది మాత్రం దీన్నే. నిధులిచ్చారని ఉక్రెయిన్ పంపిన సమాచారంపై విచారణ చేపట్టకపోవడమే ఆ తప్పు. 12వది బ్యాంకు గోప్యతను సాకుగా చూపి పరస్పర న్యాయ సహాయం నిరాకరించకూడదంటుంది. 18వది ఆర్థిక సంస్థలు లావాదేవీల రికార్డులను కనీసం 5 ఏళ్లు దాచాలంటుంది. ఈ ఒక్క అంకె కోసం బ్యాంకింగ్ నిబంధనలు సవరించాల్సి రావచ్చు. అది పార్లమెంటు దాకా వెళ్లాలా, కేంద్ర బ్యాంకు సర్క్యులర్‌తో సరిపోతుందా అన్నది ముందే తేల్చుకుంటే నెలలు కలిసొస్తాయి.

10వ అధికరణ ‘అప్పగించు లేదా విచారించు’ సూత్రం. నిందితుడు మీ గడ్డ మీద దొరికితే అడిగిన దేశానికి అప్పగించాలి, లేదా ఎలాంటి మినహాయింపూ లేకుండా మీ ప్రాసిక్యూషన్ ముందుంచాలి. తన పౌరులను అప్పగించకూడదని రాజ్యాంగంలో రాసుకున్న దేశాలు ఇక్కడ కంగారుపడి రిజర్వేషన్ రాస్తాయి. అవసరం లేదు, రెండో దారి ఎలాగూ తెరిచే ఉంది. కాకపోతే ఆ రెండో దారిలో నడవడానికి 7వ అధికరణ 4వ పేరా కోరిన న్యాయ పరిధి మీ చట్టంలో ఉండాలి. నేరం ఎక్కడో జరిగినా, చేసినవాడు విదేశీయుడైనా, ఇక్కడ దొరికాడు గనుక విచారిస్తామని చెప్పగలగాలి.

4. ఏ రిజర్వేషన్ నిలుస్తుంది, ఏది నిలవదు

పట్టిక పూర్తయ్యాక మిగిలిన ఇబ్బందులను చూడండి. ఒడంబడిక తానే ఇచ్చిన వెసులుబాట్లు రెండున్నాయి, ముందు వాటిని వాడుకోవాలి.

మొదటిది 24వ అధికరణ. దేశాల మధ్య వివాదం వస్తే ముందు చర్చలు. అవి తెగకపోతే మధ్యవర్తిత్వం. మధ్యవర్తిత్వం ఎలా జరపాలన్న దానిపై అడిగిన 6 నెలల్లో ఒప్పందం కుదరకపోతే ఎవరైనా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లొచ్చు. 2వ పేరా ప్రకారం దీనికి కట్టుబడనని చేరేటప్పుడే ప్రకటించవచ్చు. ఎక్కువగా వాడే రిజర్వేషన్ ఇదే, దీని చెల్లుబాటుపై ఎవరూ పేచీ పెట్టలేరు. ఇలాంటి తలుపు తెరిచి ఉంచని ఒడంబడికల్లో కూడా న్యాయ పరిధిపై పెట్టిన రిజర్వేషన్ ఉద్దేశానికి విరుద్ధం కాదని 2006 ఫిబ్రవరి 3న కాంగో, రువాండా కేసులో న్యాయస్థానం చెప్పింది. అది కోర్టు పరిధిని తాకుతుంది తప్ప అసలు బాధ్యతలను కాదన్నది అక్కడి తర్కం.

ఇది వాడాలా వద్దా అన్నది రాజకీయ నిర్ణయం. ఖరీదు మాత్రం తెలిసి ఉండాలి. ఈ మినహాయింపు రెండు వైపులా పదునున్న కత్తి. మీరు 1వ పేరాకు కట్టుబడనంటే, మీ విషయంలో మిగతా దేశాలూ కట్టుబడవని అదే 2వ పేరా చెబుతుంది. మిమ్మల్ని ఎవరూ కోర్టుకు లాగలేరు, మీరూ ఎవరినీ లాగలేరు. 2017 జనవరి 16న ఉక్రెయిన్ వేసిన కేసు ఈ అధికరణ ఆధారంగానే నడిచింది, ఎందుకంటే ఇద్దరిలో ఎవరూ ఆ తలుపు మూసుకోలేదు. పొరుగుదేశం నుంచి నిధులు వస్తున్నాయని ఫిర్యాదు చేసే స్థితిలో ఉన్న దేశానికి 24(1) ఒక ఆయుధం. అలవాటు కొద్దీ దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదని మా అభిప్రాయం.

అధికరణ సంఖ్యలు జాగ్రత్త. ఇదే వెసులుబాటు బందీల ఒడంబడికలో 16(2), బాంబు దాడుల ఒడంబడికలో 20(2), అణు ఉగ్రవాద ఒడంబడికలో 23(2), మాంట్రియల్‌లో 14(2). పాత నమూనాను కాపీ చేసి సంఖ్య మార్చడం మరిచిపోతే ఏ నిబంధనకో తెలియని రిజర్వేషన్ తయారవుతుంది.

రెండో వెసులుబాటు అనుబంధానికి సంబంధించినది. నిధుల ఒడంబడిక అనుబంధంలో 9 పాత ఒడంబడికలు ఉన్నాయి. వాటిలో నేరమైన ప్రతి చర్యకు నిధులివ్వడం ఇక్కడా నేరమే. వాటిలో దేనిలోనైనా మీరు సభ్యులు కాకపోతే, 2(2)(ఎ) ప్రకారం తమ వరకు అది అనుబంధంలో లేనట్టే భావించాలని ప్రకటించవచ్చు. ఇది తాత్కాలికం. ఆ పాత ఒడంబడికలో చేరి అది మీకు అమల్లోకి రాగానే ప్రకటన రద్దవుతుంది, ఆ సంగతి డిపాజిటరీకి తెలపాలి. ఏ ఒడంబడికను తప్పిస్తున్నారో పేరు పేరునా రాయండి. "మేము సభ్యులం కాని ఒడంబడికలన్నీ" అని గంపగుత్తగా రాస్తే, ఎక్కడ సభ్యులో ఎక్కడ కాదో లెక్క తేల్చే పని అవతలివారి నెత్తిన పడుతుంది.

ఈ రెండూ దాటి బయటికి వెళ్తే నేల మెత్తగా మారుతుంది. అందరికీ తెలిసిన ఉదాహరణ బాంబు దాడుల ఒడంబడికలో 2002లో పాకిస్తాన్ చేరినప్పటిది. విదేశీ ఆక్రమణకు వ్యతిరేకంగా స్వయం నిర్ణయాధికారం కోసం జరిగే పోరాటాలకు, సాయుధ పోరాటాలతో సహా, ఈ ఒడంబడిక వర్తించదని అది ఒక ‘ప్రకటన’ చేసింది. భారత్‌తో పాటు అనేక పాశ్చాత్య దేశాలు అభ్యంతరం తెలిపాయి. వాటి వాదన సారాంశం ఒకటే: పేరు ఏదైనా ఇది రిజర్వేషనే, ఒడంబడిక పరిధిని ఒంటిచేత్తో కుదిస్తోంది, రాజకీయ, మత, జాతిపరమైన కారణాలేవీ ఈ నేరాలకు సమర్థన కాబోవన్న 5వ అధికరణకు నేరుగా ఎదురెళ్తోంది. నిధుల ఒడంబడికలో ఈజిప్ట్, జోర్డాన్, సిరియాలు 2(1)(బి)పై పెట్టిన ఇదే తరహా మాటలకూ అలాంటి అభ్యంతరాలే వచ్చాయి. అక్కడ 5వ అధికరణ స్థానంలో 6వ అధికరణ ఉంటుంది.

పేరు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. వియన్నా ఒడంబడిక 2(1)(డి) నిర్వచనంలోనే "ఏ పేరుతో పిలిచినా" అన్న మాట ఉంది. నిబంధన చట్టపరమైన ప్రభావాన్ని తగ్గిస్తే అది రిజర్వేషన్. దాని అర్థాన్ని విప్పి చెప్పడంతో ఆగితే వ్యాఖ్యాన ప్రకటన.

మరి సాయుధ సంఘర్షణల విషయంలో నిజంగా ఆందోళన ఉన్న దేశం ఏం చేయాలి? ఒడంబడికలోపలే చోటు వెతకాలి. 2(1)(బి) పౌరులను, సంఘర్షణలో పాల్గొనని వారిని చంపే చర్యల గురించే మాట్లాడుతుంది. 21వ అధికరణ ఐక్యరాజ్యసమితి చార్టర్ కింద, అంతర్జాతీయ మానవతా న్యాయం కింద దేశాలకున్న హక్కులు, బాధ్యతలు చెక్కుచెదరవని చెబుతుంది. ఈ రెండిటినీ పేర్కొని, వాటి వెలుగులో ఒడంబడికను చదువుతామని రాస్తే అది నిజమైన వ్యాఖ్యాన ప్రకటన. గెలుచుకునేది తక్కువే కావచ్చు, ఉన్నంత వరకు అది నిలుస్తుంది.

రాయకూడని మరో రెండు రకాలు. "మా రాజ్యాంగానికి, చట్టాలకు లోబడి" అన్న గంపగుత్త రిజర్వేషన్ ఒకటి. ఏ నిబంధన ఎంత మేరకు వర్తించదో అవతలి దేశానికి అర్థం కాదు. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2011లో పూర్తి చేసిన రిజర్వేషన్ల మార్గదర్శిక కూడా అస్పష్టమైన, సాధారణమైన రిజర్వేషన్లను తప్పుపడుతుంది. పైగా దేశీయ చట్టాన్ని సాకుగా చూపి ఒడంబడికను పాటించకపోవడం కుదరదని వియన్నా ఒడంబడిక 27వ అధికరణ ఉండనే ఉంది. రెండోది రాజకీయ నేరం పేరుతో అప్పగింత నిరాకరించే హక్కును దాచుకోవడం. ఆ సాకును తీసేయడానికే 14వ అధికరణ పెట్టారు. మానవ హక్కుల ఆందోళన నిజమైనదే అయితే 15వ అధికరణ చదవండి. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం కారణంగా వేధించడానికే అప్పగింత అడుగుతున్నారని నమ్మడానికి బలమైన ఆధారాలుంటే నిరాకరించవచ్చని అది ఇప్పటికే చెబుతోంది.

చెల్లని రిజర్వేషన్ పెడితే ఏమవుతుంది? కమిషన్ మార్గదర్శిక ప్రకారం అది శూన్యం. పెట్టిన దేశం భిన్నమైన ఉద్దేశం చెప్పకపోతే, రిజర్వేషన్ లేకుండానే సభ్యురాలైనట్టు భావించాలి. అంటే తప్పించుకోవాలనుకున్న బాధ్యతే పూర్తిగా మీద పడుతుంది.

5. దేశంలో ఆమోదం

ఈ దశ ఒక్కో రాజ్యాంగంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్క సలహాతో సరిపెడతాం: రిజర్వేషన్ పాఠాన్ని కూడా ఆమోదించే సభ ముందు యథాతథంగా ఉంచండి. సభ ఒక మాట ఆమోదించి, న్యూయార్క్‌కు ఇంకో మాట వెళ్తే చిక్కే. ఆమోదం ఎంత సాగదీయవచ్చో ఇరాన్ చూపింది. నిధుల ఒడంబడిక బిల్లును పార్లమెంటు 2018లో ఆమోదించినా బిల్లులను పరిశీలించే గార్డియన్ కౌన్సిల్ తిప్పిపంపింది, తర్వాత ఏళ్ల తరబడి ఆ రెండిటి మధ్య వివాదాలు తేల్చే ఎక్స్‌పీడియెన్సీ కౌన్సిల్ దగ్గర ఉండిపోయింది. ఈలోగా అక్రమ ధనం, ఉగ్రవాద నిధుల కట్టడికి ప్రమాణాలు పెట్టి దేశాలను మూల్యాంకనం చేసే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్యల కార్యదళం, అంటే ఎఫ్‌ఏటీఎఫ్, 2020 ఫిబ్రవరిలో ఆ దేశంపై ప్రతిచర్యలను తిరిగి విధించింది.

ఎఫ్‌ఏటీఎఫ్ ఊసు ఇక్కడ ఊరికే రాలేదు. దాని 36వ సిఫారసు ఈ ఒడంబడికలో చేరమనడంతో ఆగదు, పూర్తిగా అమలు చేయమంటుంది. 5వ సిఫారసు ఉగ్రవాద నిధుల నేరాన్ని ఒడంబడిక ఆధారంగా నిర్వచించమంటుంది. చేరిక పత్రం దాఖలైనంత మాత్రాన మూల్యాంకనంలో మార్కులు పడవు. నేర నిర్వచనానికి చిల్లు పెట్టే రిజర్వేషన్ అక్కడ లోపంగానే కనిపిస్తుంది. భద్రతా మండలి 2001 సెప్టెంబరు 28 నాటి 1373 తీర్మానం కూడా నిధుల ఒడంబడిక సహా సంబంధిత ఒడంబడికల్లో వీలైనంత త్వరగా చేరాలని పిలుపునిచ్చింది.

6. చేరిక పత్రం రాయడం

పత్రంలో తప్పక ఉండాల్సినవి: ఒడంబడిక పూర్తి పేరు, దాన్ని ఆమోదించిన తేదీ, చోటు; సంతకం చేసేవారి పూర్తి పేరు, హోదా; కట్టుబడతామని, చిత్తశుద్ధితో అమలు చేస్తామని సందేహానికి తావులేని మాట; పత్రం జారీ చేసిన తేదీ, చోటు; సంతకం. సంతకం చేయాల్సింది దేశాధినేత, ప్రభుత్వాధినేత, విదేశాంగ మంత్రి ఈ ముగ్గురిలో ఒకరు, లేదా వారిలో ఒకరు ఆ పనికి ప్రత్యేకంగా పూర్తి అధికార పత్రం ఇచ్చిన వ్యక్తి. అధికార ముద్ర ఒక్కటే ఉంటే చాలదు.

నమూనా ఇలా ఉంటుంది:

"1999 డిసెంబరు 9న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన ‘ఉగ్రవాదానికి నిధుల సరఫరా అణచివేత అంతర్జాతీయ ఒడంబడిక’ను మా ప్రభుత్వం పరిశీలించి, అందులో చేరుతోందని, దాని నిబంధనలను చిత్తశుద్ధితో పాటించి అమలు చేస్తుందని విదేశాంగ మంత్రి హోదాలో ప్రకటిస్తున్నాను."

రిజర్వేషన్‌ను ఈ పత్రంలోనే కలపవచ్చు, లేదా జతగా విడి కాగితంపై ఇవ్వవచ్చు. విడిగా ఇస్తే దాని మీదా పై ముగ్గురిలో ఒకరో, పూర్తి అధికారం పొందినవారో సంతకం చేయాలి. పాఠం పొట్టిగా ఉండాలి:

"ఒడంబడిక 24వ అధికరణ 2వ పేరాను అనుసరించి, అదే అధికరణ 1వ పేరాకు తాను కట్టుబడి ఉన్నట్టు మా ప్రభుత్వం భావించడం లేదని ప్రకటిస్తోంది."

దీనికి ముందూ వెనకా కారణాలు, చారిత్రక నేపథ్యం, సార్వభౌమత్వంపై పేరా జోడించాలన్న ఉబలాటం ప్రతి శాఖకూ ఉంటుంది. ఒక్క వాక్యం ఎక్కువైనా, అది ఇంకో రిజర్వేషనేమోనన్న అనుమానం ఏదో ఒక రాజధానిలో పుడుతుంది.

తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, పార్లమెంటు చేసిన చట్టం ప్రతినో, గెజిట్‌లో వచ్చిన ఉత్తర్వునో పంపి అదే చేరిక పత్రమనుకోవడం. అది దేశం లోపలి కాగితం. బయటి ప్రపంచానికి ఇచ్చే మాట విడిగా ఉండాలి.

కొన్ని భూభాగాలకు వర్తించదనుకుంటే అదీ ఇక్కడే చెప్పాలి. న్యూజిలాండ్ టోకెలావు విషయంలో, డెన్మార్క్ ఫారో దీవులు, గ్రీన్‌లాండ్ విషయంలో ఇలాగే చేశాయి.

7. దాఖలు, తేదీల లెక్క

ముసాయిదాను ముందుగా న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి న్యాయ వ్యవహారాల కార్యాలయంలోని ఒప్పందాల విభాగానికి చూపించండి. లోపాలు సంతకానికి ముందే బయటపడతాయి. మీ భాషలో రాస్తే ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ అనువాదం జత చేయండి, లేకపోతే ఇతర దేశాలకు తెలియజేయడం ఆలస్యమవుతుంది. సెప్టెంబరులో సర్వప్రతినిధి సభ ఉన్నతస్థాయి వారంలో ఏటా ఒప్పందాల కార్యక్రమం పెడతారు. ఫొటో కావాలనుకునే మంత్రులు దానికోసం ఆగుతారు. అవసరమైతే తప్ప ఆగాల్సిన పని లేదు, ఐక్యరాజ్యసమితి దగ్గరున్న మీ దేశ మిషన్ ద్వారా ఏ పనిదినమైనా ఇవ్వొచ్చు.

దాఖలు తేదీ అంటే పత్రం ప్రధాన కార్యాలయానికి అందిన తేదీ, రాజధానిలో సంతకం చేసిన తేదీ కాదు. 26వ అధికరణ ప్రకారం, దాఖలైన తర్వాత 30వ రోజున ఒడంబడిక మీకు అమల్లోకి వస్తుంది. మార్చి 11న అందితే ఏప్రిల్ 10న. నేర నిర్వచనం, న్యాయ పరిధి, స్తంభన అధికారాలు ఆ రోజుకల్లా దేశీయ చట్టంలో అమల్లో ఉండాలి. చట్టం ఇంకా సభలో ఉండగానే పత్రం పంపితే 30వ రోజునే ఉల్లంఘనలో ఉంటారు. చట్టం ముందు, పత్రం తర్వాత.

పత్రంతో పాటే వెళ్లాల్సిన మరో కాగితాన్ని చాలామంది మరిచిపోతారు. 7వ అధికరణ 2వ పేరా కింద ఐచ్ఛికంగా ఏ ఏ న్యాయ పరిధి ఏర్పరచుకున్నారో అదే అధికరణ 3వ పేరా ప్రకారం సెక్రటరీ జనరల్‌కు తెలపాలి.

8. అభ్యంతరాల కాలం

రిజర్వేషన్ అందగానే సెక్రటరీ జనరల్ దాన్ని అన్ని సభ్య దేశాలకూ పంపుతారు. వియన్నా ఒడంబడిక 20(5) ప్రకారం, తెలిపిన నాటి నుంచి 12 నెలల్లో అభ్యంతరం చెప్పని దేశం ఒప్పుకున్నట్టే. అభ్యంతరం వస్తే చూడాల్సిన వాక్యం ఒక్కటే: రెండు దేశాల మధ్య ఒడంబడిక అమలును అది అడ్డుకుంటోందా? స్పష్టంగా అలా రాస్తే తప్ప అడ్డు పడదు. పాకిస్తాన్ ప్రకటనకు వచ్చిన చాలా అభ్యంతరాల్లో అమలుకు ఇది ఆటంకం కాదనే రాశారు. అంటే ఆ దేశాల దృష్టిలో పాకిస్తాన్ సభ్యురాలే, ప్రకటన మాత్రం చెల్లదు.

అభ్యంతరం రాసే దేశానికీ ఇదే పాఠం. "ఉద్దేశానికి విరుద్ధం" అని ఊరికే అనకుండా ఏ అధికరణకో చెప్పాలి, అమలుపై ప్రభావం గురించి ఒక వాక్యం విడిగా రాయాలి. ఆ వాక్యం లేకపోతే తర్వాత అప్పగింత కేసులో మీ వైఖరి ఏమిటో మీ కోర్టుకే అర్థం కాదు.

9. ఆలస్యంగా గుర్తొస్తే, మనసు మారితే

చేరిన తర్వాత కొత్తగా రిజర్వేషన్ పెట్టడం సూత్రప్రాయంగా కుదరదు. సెక్రటరీ జనరల్ ఆచరణలో మాత్రం ఒక సన్నని దారి ఉంది. ఆలస్యపు రిజర్వేషన్‌ను అన్ని దేశాలకూ పంపుతారు, 12 నెలల్లో ఒక్క దేశమూ కాదనకపోతే స్వీకరిస్తారు. ఒక్క అభ్యంతరం వచ్చినా అంతే సంగతులు. ఈ గడువు గతంలో 90 రోజులే, 2000లో పెంచారు.

ఇంకో దారిని బొలీవియా మాదకద్రవ్యాల ఒడంబడిక విషయంలో చూపింది. 1961 నాటి ఒడంబడిక నుంచి 2012 జనవరి 1న బయటికి వచ్చి, కోకా ఆకు నమలడంపై రిజర్వేషన్‌తో 2013లో తిరిగి చేరింది. నిధుల ఒడంబడికలో ఇది ప్రయత్నించాలంటే 27వ అధికరణ ప్రకారం వైదొలగే నోటీసు అందిన ఏడాదికి గానీ అమలు కాదు. బయట ఉన్న కాలమంతా 36వ సిఫారసు ముందు జవాబుండదు.

ఉపసంహరణ మాత్రం తేలిక. 24(3) ప్రకారం ఎప్పుడైనా సెక్రటరీ జనరల్‌కు ఒక నోటీసు పంపితే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1989 నుంచి హంగరీ వంటి తూర్పు యూరప్ దేశాలు పాత ఒడంబడికల్లో న్యాయస్థానం పరిధిపై పెట్టుకున్న రిజర్వేషన్లను ఇలాగే వెనక్కి తీసుకున్నాయి. నోటీసులో పాత రిజర్వేషన్ తేదీ, అధికరణ సంఖ్య రాయండి. రిజర్వేషన్‌పై సంతకం చేసే అధికారం ఎవరికుందో, దీని మీదా సంతకం వారిదే ఉండాలి.